కారణము తెలియని నష్టము
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పచ్చడి తిన్నాము. పంచాంగ శ్రవణము కూడ అయినది. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని పంతులుగారు చదివి వినిపించినారు. కార్యదర్శిగారు నాకు ఇరువది నిమిషములిచ్చి, ఏదైన విజ్ఞాన విషయము చెప్పమన్నారు. నేను మెట్రిక్‌తో చదువు ఆపి రైల్వే కచేరీలో కాగితములు చూచుకొనేవాడను. శాస్త్రజ్ఞుని వలె మాట్లాడలేను. అయితే ఈ ఏడు నా వ్యయములో ఒక వింత పద్దు చేరినది. ఆకాశంలోకి పోయి తిరిగి రాని ఒక చిన్న యంత్రము. అది ఎందుకు పడిపోయినదో ఈనాటికి తెలియదు. యంత్రము పోయిన దానికంటె, కారణము తెలియనందువల్ల మన గల్లీలో జరిగిన సంగతి పెద్దది. అందుచేత రెండును కలిపి మనవి చేస్తాను.

డ్రోన్ అంటే ఏమిటో పిల్లలకు చెప్పనక్కరలేదు. పెండ్లి ఊరేగింపు మీద జుమ్మని తిరుగుతూ ఫోటోలు తీసే యంత్రమును పెద్దలు కూడ చూచియే ఉంటారు. దానికి నాలుగు మూలల నాలుగు చిన్న మోటార్లు, ఒక్కొక్క మోటారుకు ఒక పంకా ఉంటాయి. రెండు పంకాలు కుడివైపుకు తిరిగితే రెండు ఎడమవైపుకు తిరుగుతాయి. అన్నియు ఒకే వైపు తిరిగితే యంత్రమే బొంగరము వలె తిరుగును. మధ్యనున్న చిన్న పలక క్షణములో వందలసార్లు ఏ మూల వాలినదో చూచి, ఆ మూల పంకాను కొంచెము వేగముగా తిప్పుతుంది. మామూలు విమానమునకు రెక్కలున్నవి, ఇంజను ఆగినా కొంతదూరము తేలుతూ దిగవచ్చును. దీనికి ఆ రెక్కలు లేవు. మన సాంచా ఆగితే ఉన్నచోటనే ఉంటుంది. ఇది ఆగితే పడిపోతుంది.

దసరాకు ముందు రైల్వే వారిచ్చే బోనసులో కొంత తీసి, విడిభాగములు తెప్పించి, రాత్రులు కూర్చుని ఒక డ్రోన్ కూర్చినాను. తూకము 240 గ్రాములు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమముల ప్రకారము 250 గ్రాములకు మించని దానిని నానో అంటారు. దానిని నడుపుటకు పైలట్ లైసెన్సు అక్కరలేదు. అయినను ఎక్కడ పడితే అక్కడ ఎగురవేయరాదు. నడుస్తున్న విమానాశ్రయము సరిహద్దు నుండి 8 కిలోమీటర్ల లోపల అనుమతి కావలెను. 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకు ఎగురవేయవచ్చును. మన ఊరి హోట్గీ రోడ్డు విమానాశ్రయము ఇప్పుడు పేరుకు ఉన్నది కాదు. చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టమును 2023 జూన్‌లో పడగొట్టినారు, 2025 జూన్‌లో గోవా విమానము మొదలైనది. అందుచేత మన మేడలమీద నుండి ఎగురవేయుట కుదరదు. తుల్జాపూర్ రోడ్డులో ఏక్రూఖ్ చెరువుకు ఆవలనున్న బయలుకు ఆదివారములు పోయేవాడను. నాతో మన గల్లీ పిల్లలు ముగ్గురు నలుగురు వచ్చేవారు.

సంక్రాంతి గడిచిన తరువాతి ఆదివారము, సాయంకాలము నాలుగున్నర ప్రాంతములో అది పోయినది. గాలి ఎక్కువ లేదు. మోటార్లు, పంకాలు, తీగెలు ఒక్కొక్కటి చూచిన తరువాతనే ఎగురవేసినాను. మొదట పిల్లలలో ఒకడు నా ప్రక్కన నిలబడి రెండు నిమిషములు నడిపినాడు. వాడు ఏడవ తరగతి. తండ్రి సాంచా నడుపుతాడు, తల్లి బీడీలు చేస్తుంది. వాడి చేతినుండి నేను తీసుకొని ఇంకొక నాలుగు నిమిషములు నడిపినాను. యంత్రము సుమారు 38 మీటర్ల ఎత్తున, జొన్నచేను మీద నిలకడగా ఉన్నది. ఉన్నట్టుండి చప్పుడు ఆగినది. ఒక ప్రక్కకు ఒరిగి, వేపచెట్ల వెనుకకు జారిపోయినది. చేతిలోని పెట్టె మీద అంకెలన్నియు ఒక్కసారిగా నిలిచిపోయినవి.

రైతును అడిగి చేనులో దిగి చీకటి పడేవరకు వెదకినాము. జొన్న మనిషెత్తు ఉన్నది. తరువాత రెండు ఆదివారములు కూడ పోయినాము. పంట కోసినప్పుడు రైతు కూడ చూచినాడు. ఒక పంకా ముక్క అయినను దొరకలేదు.

ఇక గల్లీలో మాటలు మొదలైనవి. దిష్టి తగిలినదన్నారు కొందరు. సిద్ధేశ్వరుని గడ్డా జాతర దినములలో టెంకాయ కొట్టకుండ కొత్త వస్తువు ఎగురవేసినందుకన్నారు కొందరు. ఈ మాటలతో ఎవరికిని నష్టము లేదు. రెండు దినములలో ఇంకొక మాట పుట్టినది. "పిలగాడు ఏదో ఒత్తిండు, అందుకే పడ్డది" అని. ఆ మాట నిలిచిపోయినది. ఎందుకనగా దానికి ఒక ముఖమున్నది, చూపుటకు ఒక వేలున్నది. నేను కాదన్నను వినలేదు. చిన్నవాడని దాస్తున్నాడనుకొన్నారు.

నాలుగవనాటి రాత్రి వాడి తండ్రి షిఫ్టు దిగి మా ఇంటికి వచ్చినాడు. 500 రూపాయలు బల్లమీద పెట్టి, "అన్నా, ఇది ఉంచుకో. మిగిలింది హప్తా హప్తా ఇస్త" అన్నాడు. నేను తీసుకోలేదు. అప్పుడతడు, పిల్లవానిని ఆదివారములు ఇక ఎక్కడికిని పంపననియు, ఎండాకాలము సెలవులనుండి కండెలు చుట్టుటకు కార్ఖానాలో పెడుతాననియు అన్నాడు. పిల్లవాడు గుమ్మము బయట నిలబడియున్నాడు. "మామా, నేనేం ఒత్తలే" అని ఒక్క మాట అన్నాడు.

నా డబ్బు పోయిన బాధ నాకు అంతటితో పోయినది. ఇప్పుడు ఒక పిల్లవాని చదువు ప్రశ్నలో పడినది. అందుచేత ఆ రాత్రియే సాక్ష్యము వెదకినాను.

యంత్రములో ఉన్న జ్ఞాపకపు చీటీ యంత్రముతోనే పోయినది. కాని చేతిలో పట్టుకొని నడిపే పెట్టెలో ఇంకొక చిన్న చీటీ ఉంటుంది. నేను ఏ మీటను ఎంత కదిపినాను, ఏ స్విచ్చి ఎటువైపు ఉన్నది, యంత్రము ఎంత ఎత్తున ఉన్నానని చెప్పినది, బ్యాటరీ ఎంత ఉన్నది, అన్నియు క్షణక్షణము వరుసగా అందులో వ్రాయబడును. మన జకార్డు అట్టల వరుస ఎట్లో ఇదియు అట్లే. చద్దరులో పువ్వు తప్పినప్పుడు అట్టలు వెనుకకు త్రిప్పి, ఏ అట్టకాడ తప్పినదో చూస్తాము గదా! నేనును చివరి వరుసనుండి వెనుకకు చదివినాను.

అందులో కనబడినది ఇది. ఎగిరినప్పటినుండి చివరి వరుస వరకు ఏ స్విచ్చియు స్థానము మారలేదు. మోటార్లను ఆపే స్విచ్చి మొదట ఎట్లున్నదో చివరకు అట్లే ఉన్నది. పిల్లవాడు నడిపిన రెండు నిమిషములలో మీటలు మెల్లగా, సరిగా కదిలినవి. అతడి తరువాత నాలుగు నిమిషములు యంత్రము చక్కగా ఎగిరినది. బ్యాటరీలో సగము కంటె ఎక్కువ మిగిలియున్నది. ఎత్తు 38 మీటర్లు. ఆ తరువాత వరుస లేదు.

దీనినిబట్టి కొన్నింటిని తీసివేయవచ్చును. బ్యాటరీ మెల్లగా అయిపోయియుంటే అంకె క్రమముగా దిగేది, అట్లు దిగలేదు. సంకేతము బలహీనపడియుంటే ముందుగా ఆ అంకె తగ్గేది, అదియు తగ్గలేదు. ఒక పంకా విరిగి పడితే యంత్రము గిరగిర తిరుగుతూ పడేటప్పుడు కొన్ని వరుసలైనను వచ్చేవి. ఏమియు రాక ఒక్కసారిగా ఆగినదంటే కరెంటు తెగియుండవచ్చును. బ్యాటరీ తీగె ఊడినదా, అతుకు లోపల పగిలినదా, బ్యాటరీ గడిలో ఒకటి హఠాత్తుగా చచ్చినదా, గద్ద తన్ని తీగె తెంపినదా చెప్పలేను. యంత్రము దొరికితే గాని తెలియదు. కారణము తెలియలేదు. అయితే పిల్లవాడు కారణము కాడని మాత్రము తెలిసినది. ఈ రెండు మాటలును ఒకేసారి నిజము కావచ్చును. అసలు దొంగ దొరికితే గాని పట్టినవానిని విడువమనుట న్యాయము కాదు గదా!

మరునాడు గల్లీ చివర గుడి అరుగు మీద నలుగురి ముందు ఆ వరుసలు చదివి వినిపించినాను. ఒక ముసలి తాత, జకార్డు మీద యాభై ఏండ్లు పనిచేసినవాడు, అంతయు విని, "పువ్వు తప్పితే అట్ట చూస్తం. పిలగాన్ని కొడితే పువ్వు సరి అయితదా?" అన్నాడు. ఆ మాటతో గల్లీ నోరు మూతపడినది. నేను చెప్పిన అంకెలకంటె ఆ మాట ఎక్కువ పనిచేసినది.

ఇంతకంటె ఎంతో పెద్దవారికి, ఎంతో దూరాన, ఇటువంటిదే ఒకటి జరిగినది. అమెరికా వారు అంగారక గ్రహము మీదికి ఇన్‌జెన్యూటీ అనే చిన్న హెలికాప్టరును పంపినారు. దాని తూకము 1.8 కిలోలు. దాని ప్రధాన ఇంజనీరు బాబ్ బలరామ్ గారు మన మదనపల్లె దగ్గరి ఋషీవ్యాలీ పాఠశాలలో చదివి, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివినవారు. అంగారకుని మీద గాలి మన గాలిలో నూరవ వంతు మాత్రమే. అందులో ఏదైన ఎగురునా అని అనేకులు సందేహించినారు. 2021 ఏప్రిల్ 19న అది ఎగిరినది. ఐదుసార్లు ఎగిరితే చాలుననుకొన్నది 72 సార్లు ఎగిరినది.

మన నేతవారు వినవలసిన సంగతి ఒకటి ఇందులో ఉన్నది. ఆ హెలికాప్టరు సౌర పలక క్రింద తపాలా బిళ్ళంత నూలుబట్ట ముక్క ఒకటి కట్టినారు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు మొదట ఎగిరిన విమానపు రెక్కకు తొడిగిన బట్టలోనిది ఆ ముక్క. మనిషి భూమి మీద ఇంజను విమానములో మొదట ఎగిరినది నేతబట్ట రెక్కలతో. ఇంకొక గ్రహము మీద మోటారు బలముతో మొదట ఎగిరిన యంత్రము ఆ బట్ట పీలికను వెంట తీసుకొనిపోయినది. ఆ బట్ట ఎవరు నేసినారో పుస్తకములలో లేదు. అయినను పడుగు, పేక తెలిసినవారికి ఆ పేరులేనివాడు పరాయివాడు కాడు.

2024 జనవరి 18న, 72వసారి, అది 12 మీటర్లు ఎక్కి, కొన్ని క్షణములు నిలిచి, దిగుతూ ఇక ఒక్క మీటరు ఉన్నదనగా మాట ఆపివేసినది. మరునాడు సంకేతము తిరిగి వచ్చినది గాని, ఫోటోలలో రెక్కలు విరిగియున్నవి. అక్కడికి ఎవరు పోయి చూడగలరు? కన్నులార చూచిన సాక్షి లేడు, బ్లాక్ బాక్సు లేదు. వచ్చిన కొద్ది అంకెలు, కొద్ది ఫోటోలు పట్టుకొని నెలలకొద్ది పరిశీలించి, ఆ ఏడు డిసెంబరులో తమ అభిప్రాయము చెప్పినారు. ఆ యంత్రము క్రిందనున్న రాళ్లను, గుర్తులను చూచుకొంటూ తన వేగమును లెక్కకట్టుకొంటుంది. అది దిగినచోట అన్నియు నున్నని ఇసుక తిన్నెలు, గుర్తులు లేవు. లెక్క తప్పి, ప్రక్కకు జారుతూనే వాలుమీద గట్టిగా దిగినది. ఆ అదురుకు రెక్కలు విరిగినవి. ఇంత చెప్పికూడ వారు ఇదే జరిగినదని ఒట్టు పెట్టలేదు. అన్నింటిలోను ఇది ఎక్కువగా పొసగుతున్నదన్నారు. అంత చదువుకొన్నవారికి ఆ మాట చెప్పుట చిన్నతనము కాలేదు. మనకు మాత్రము ఎందుకు కావలెను?

తెలియకపోవడము మనుష్యులకు ఎంత బరువో కూడ చెప్పవలెను. నా ఆటవస్తువును మనుష్య ప్రాణములతో పోల్చుట లేదు. 2016 జూలై 22న మద్రాసు తాంబరము నుండి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వైమానిక దళపు ఏ.ఎన్.32 విమానము బంగాళాఖాతము మీద మాయమైనది. అందులో 29 మంది ఉన్నారు. వారిలో ఎనిమిదిమంది విశాఖపట్నము నావికా ఆయుధాగారపు ఉద్యోగులు. ఏడున్నర ఏండ్ల తరువాత, 2024 జనవరిలో, సముద్రములో 3,400 మీటర్ల లోతున దాని శకలములు కనబడినవి. అన్ని ఏండ్లు ఆ ఇండ్లలో ఎటువంటి రాత్రులు గడిచినవో మనము ఊహించుకొనవలసినదే.

ఆస్ట్రేలియాలో డేవిడ్ వారెన్ అను ఆయనకు తొమ్మిదేండ్ల వయస్సున, 1934లో, తండ్రి ఎక్కిన విమానము సముద్రము మీద మాయమైనది. పెద్దవాడై శాస్త్రజ్ఞుడైన తరువాత, 1950లలో, విమానపు గదిలో మాటలను, అంకెలను భద్రపరచు పెట్టెను తయారుచేసినాడు. నేడు మనము బ్లాక్ బాక్సు అనేది అదే. పేరు నలుపు గాని రంగు నారింజ, వెదకేవారికి కనబడుటకు. విమానము కూలినప్పుడు చనిపోయిన పైలట్ మీద తప్పు వేయుట సులభము, అతడు తిరిగి మాట్లాడలేడు. ఆ పెట్టె అతని పక్షమున మాట్లాడగలదు. తప్పు అతనిదే అయితే అదియు చెప్పగలదు.

నేను రైల్వేలో పనిచేయువాడను గనుక అక్కడి పద్ధతి ఒకటి చెప్పుతాను. పెద్ద రైలు ప్రమాదములను విచారించు రైల్వే భద్రతా కమిషనరు రైల్వే శాఖ క్రింద ఉండరు. ఆయన పౌర విమానయాన శాఖ క్రింద ఉంటారు. బండి నడిపిన శాఖయే తీర్పు చెప్పరాదని ఈ ఏర్పాటు. తీర్పు చెప్పేవానికి లాభనష్టములు అంటరాదు.

ఇప్పుడు మన కార్ఖానాల సంగతికి వస్తాను. తెలంగాణా పల్లెలనుండి మన తాతముత్తాతలు బ్రతుకుతెరువుకు ఈ ఊరు వచ్చి, చద్దరులతో, టవళ్లతో దేశమంతట ఈ ఊరికి పేరు తెచ్చినారు. ఆ చద్దరులో ఒకటి దాగు పడితే ఏమి జరుగును? నూలు పురిలో దోషముండవచ్చును. భీము చుట్టినప్పుడు పోగులు వదులై ఉండవచ్చును. జకార్డు కొక్కెము అరిగియుండవచ్చును. కరెంటు పోయి వచ్చినప్పుడు నాడె మధ్యలో ఆగియుండవచ్చును. నేసేవాడు ఏమరియుండవచ్చును. ఐదు కారణములలో ఒకదానికి మాత్రమే మాట్లాడే నోరు, కోయుటకు కూలి ఉన్నవి. కనుక చాలచోట్ల విచారణ అక్కడనే ఆరంభమై అక్కడనే ముగుస్తుంది. వారములో కొత్తగా చేరినవాడు ఉంటే వాడి పని ఇంకను సులభముగా ముగుస్తుంది. కోత పడును గాని దోషము సాంచాలోనే ఉండిపోవును. వచ్చే వారము ఇంకొక చద్దరులో అదే దాగు కనబడును. ఇది కార్మికునికెంత నష్టమో ఆసామికిని అంతే నష్టము.

ఇది ఎవరినో నిందించుటకు చెప్పుట లేదు. ఈ సభలో ఆసాములున్నారు, కార్మికులున్నారు, ఇద్దరును మనవారే. నేను మనవి చేయదలచినవి మూడు మాత్రమే.

మొదటిది, ప్రతి సాంచా దగ్గర ఒక చిన్న నోటుబుక్కు వ్రేలాడదీయండి. దాగు పడిననాడు తారీఖు, వేళ, నూలు ఏ లాటుదో, అట్ట నంబరు, కరెంటు పోయినదా లేదా అని నాలుగు మాటలు వ్రాసి పెట్టండి. దీనికి ఖర్చు పది రూపాయలు. రెండు నెలలు వ్రాస్తే ఏ సాంచా ఎప్పుడు తప్పుతున్నదో పుస్తకమే చెప్పును.

రెండవది, కూలిలో కోత వేయవలసివస్తే, ఆ కార్ఖానాకు సంబంధము లేని ఒక అనుభవజ్ఞుడైన నేతగాడు ఆ పుస్తకము చూచి మాట చెప్పవలెను. మన సంఘములో అటువంటి పెద్దలకు కొదువ లేదు.

మూడవది, ఎంత చూచినను తేలకపోతే ఆ గడిలో "కారణము తెలియలేదు" అని వ్రాయుటకు సిగ్గుపడకండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఎవరో ఒకరి పేరు వచ్చి అందులో కూర్చుంటుంది. సాధారణముగా అది మనలో చిన్నవాని పేరు, పేదవాని పేరు, ఎదురు మాట్లాడలేనివాని పేరు.

ఆ పిల్లవాడు సెలవులలో కండెలు చుట్టుటకు పోడు. తండ్రి ఒప్పుకొన్నాడు. 500 రూపాయలతో వాడికి లెక్కల పుస్తకములు కొనమని చెప్పినాను. ఇంకొక యంత్రము కొనుటకు నాకు వచ్చే దసరా వరకు ఆగవలెను. ఈలోగా ఆదివారములు పిల్లలు మా ఇంటికి వచ్చి చివరి ఎగురుడు వరుసలను కాగితము మీద గీతలుగా గీస్తున్నారు. బ్యాటరీ తీగె మీద ఇంకొక చిన్న కొక్కెము వేస్తే ఊడకుండ ఉంటుందని వారిలో ఒకరు సూచించినారు. కారణము అదేనని తెలియదు. అయినను వేస్తాము, ఖర్చు తక్కువ.

 ఈ కొత్త సంవత్సరము మీ ఇండ్లలో ఆదాయము పెరుగవలెననియు, వ్యయము తగ్గవలెననియు, చేయని తప్పుకు మన పిల్లలలో ఎవడును తల వంచుకొని నిలబడరాదనియు కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.